ఎడారి దేశపు నీటి ప్రణాళికలో నిల్వకు ఎంత చోటివ్వాలి?

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వంటి నదులు లేని దేశం, రాబోయే ముప్పై ఏళ్ల జనాభాను లెక్కగట్టి అందుకు తగినన్ని డీశాలినేషన్ ప్లాంట్లు, అంటే సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే ప్లాంట్లు, కట్టుకుంటూ పోతే సరిపోతుందా అని మీరు అడిగారు. అక్కడి తీరంలో ఒక ప్లాంటు ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, సరిపోదు. సముద్రపు నీరు వాడుకోలేని రోజులు ఎన్ని రావచ్చు, అవి ఎలా గడవాలి అన్న లెక్క ముందు తేలాలి.

2008 చివర్లో ఆల్గే, అంటే కంటికి కనిపించనంత సన్నని నాచు, సముద్రంలో విపరీతంగా పెరిగి నీటి రంగు మార్చేసే రెడ్ టైడ్ వచ్చినప్పుడు నాకీ సంగతి బోధపడింది. ఒత్తిడితో నీటిని మెంబ్రేన్లనే సన్నని పొరల గుండా పంపి ఉప్పు తీసే ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్) విభాగంలోకి వెళ్లే నీటికి మేము రోజూ ఒక పరీక్ష చేసేవాళ్లం. రూపాయి బిళ్ల కన్నా పెద్దదైన, 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న తెల్లటి వడపోత కాగితం గుండా ఒకే ఒత్తిడితో నీటిని పంపి, మొదటి అర లీటరు దిగడానికి ఎంతసేపు పట్టిందో, పదిహేను నిమిషాల తర్వాత మరో అర లీటరుకు ఎంతసేపు పట్టిందో చూస్తాం. మామూలు రోజుల్లో కాగితం కాస్త పసుపు తిరిగేది, అంతే. ఆ వారాల్లో రెండో అర లీటరు దిగనే దిగేది కాదు. కాగితం మీది గోధుమరంగు జిగురు వేలికి అంటుకునేది. ఆల్గే వదిలే ఆ జిగురు మెంబ్రేన్లను పట్టేస్తే రసాయనాలతో కడిగినా ఒక పట్టాన వదలదు కనుక, ఆర్‌ఓను ఆపేయడం తప్ప దారి లేకపోయింది. ఒమన్, ఎమిరేట్స్ తీరాల్లో చాలా ప్లాంట్లకు అప్పుడు ఇదే గతి పట్టింది, ఆ బెడద నెలల తరబడి సాగింది. మా పక్కనే, నీటిని కాచి ఆవిరిని చల్లార్చే పాత మల్టీ స్టేజ్ ఫ్లాష్ యూనిట్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

అలాగని పాత పద్ధతిలోనే ఉండిపొమ్మనడం లేదు. ఆ యూనిట్లకు విద్యుత్ కేంద్రం ఆవిరి కావాలి. చలికాలంలో ఏసీలు ఆగి కరెంటు వాడకం బాగా పడిపోయినా నీటి వాడకం అంతగా తగ్గదు కాబట్టి, కేవలం నీటి కోసం బాయిలర్లు మండించాల్సి వస్తుంది. ఆర్‌ఓకు వెయ్యి లీటర్లకు సుమారు మూడు నాలుగు యూనిట్ల కరెంటు చాలు, దాన్ని సౌరవిద్యుత్తుతోనూ ఇవ్వవచ్చు. అబుదాబిలోని తవీలాలో రోజుకు 90 కోట్ల లీటర్ల ఆర్‌ఓ ప్లాంటు కట్టింది అందుకే. ఆల్గేను ముందుగానే గాలి బుడగలతో తేల్చి తీసేసే ఏర్పాటు కొత్త ప్లాంట్లలో వచ్చింది. అది బాగా సాయపడుతుంది గానీ పూర్తి భరోసా కాదు.

ఆ భరోసా నిల్వలోనే ఉంది. ఉప్పు తీసిన సముద్రపు నీటిని అబుదాబిలోని లివా ఎడారిలో ఇసుక కిందికి ఇంకించి, దాదాపు 2 కోట్ల 60 లక్షల ఘనపు మీటర్లు దాచిన పథకం 2018లో ప్రారంభమైంది. అత్యవసరంలో పది లక్షల మందికి 90 రోజులు సరిపోతుందని లెక్క. తొట్లలో అయితే ఇంత నీరు నిల్వచేయడం ఖర్చుకు కుదరదు, పైగా ఎండకు వేడెక్కుతుంది. దేశవ్యాప్తంగా చూస్తే, 2017లో ప్రకటించిన జలభద్రతా వ్యూహం 2036 నాటికి మామూలు పరిస్థితుల్లో రెండు రోజుల నిల్వనే లక్ష్యంగా పెట్టుకుంది. ఇది నాకు తక్కువగానే తోస్తుంది.

అదే వ్యూహంలో మొత్తం నీటి గిరాకీని 21 శాతం తగ్గించాలని, శుద్ధిచేసిన మురుగునీటిలో 95 శాతం తిరిగి వాడాలని కూడా ఉంది. కొత్త ప్లాంటు కన్నా ముందు జరగాల్సిన పని ఇదేనని నా ఉద్దేశం. మా క్వార్టర్ల ముందున్న పచ్చికకు మేము తయారుచేసిన తాగునీటినే పట్టేవారు. షిఫ్టు దిగి వస్తూ ఆ గొట్టాన్ని చూసినప్పుడల్లా, వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లో మనసులో లెక్క తిరిగేది.