కవర్ పేజీ నుంచి స్టాంపు దాకా

ప్రశ్న: తాతగారి ఆల్బమ్‌లో అమెరికా అధ్యక్షుడు కెనడీ బొమ్మతో 13 సెంట్ల స్టాంపు ఉంది. గీసింది స్టీవన్ డోహానోస్, పత్రికల చిత్రకారుడట. ముఖచిత్రాలు వేసే చెయ్యి స్టాంపుకెలా పనికొచ్చింది? నేనూ స్టాంపు డిజైన్ పోటీలకు బొమ్మలు పంపుతుంటాను.
– ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం, విశాఖపట్నం

జవాబు: డోహానోస్ 1907లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, లొరైన్‌లో పుట్టారు. 1940ల నుంచి ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ వారపత్రికకు వందకు పైగా ముఖచిత్రాలు వేశారు. రోజూ కంటబడే మామూలు వస్తువులంటే ఆయనకు ప్రాణం. 1959లో నాటో సైనిక కూటమికి పదేళ్లు నిండిన సందర్భంగా వచ్చిన స్టాంపు గీశారు. మీ దగ్గరున్నది 1967 మే 29న, కెనడీ యాభయ్యో జయంతి నాడు విడుదలైంది. తర్వాత డోహానోస్ అమెరికా తపాలా శాఖ స్టాంపుల సలహా సంఘానికి అధ్యక్షులై ఇతరుల డిజైన్లనూ తీర్చిదిద్దారు. ఆయన్ని ముఖచిత్రాల చిత్రకారుడిగానే తలుచుకుంటారు గానీ, ఈ స్టాంపుల పనే పెద్దదని మా అభిప్రాయం.

ముఖచిత్రంలో వీధంతా పట్టించవచ్చు. ఈ స్టాంపు బొమ్మ వెడల్పు సుమారు 19 మి.మీ., ఎత్తు 22 మి.మీ. అందుకే ముఖం ఒక్కటే. పది రెట్ల భూతద్దంతో చెంప నీడ చూడండి: అక్కడ పలచని రంగంటూ ఉండదు, ఉన్నవన్నీ సన్నగీతలూ చుక్కలే. లోహపు పలకమీద చెక్కి అచ్చువేసిన స్టాంపు ఇది. గీతలు దగ్గర పడినచోట నీడ, ఎడమైనచోట వెలుగు.

మీరు నాలుగింతల కొలతలో, అంటే 76 × 88 మి.మీ.లో గీయండి. జిరాక్స్‌లో 25 శాతానికి తగ్గించి చూడండి. 0.4 మి.మీ. గీత 0.1 అవుతుంది, అంతకంటే సన్నగా వేస్తే తెగిపోతుంది. అక్షరాలు 6 మి.మీ. ఎత్తుకు తగ్గనివ్వకండి. ఎక్కువమంది దెబ్బతినేది అడ్డగీతల నీడల దగ్గరే: గీతల మధ్య తెల్లజాగా కూడా నాలుగో వంతవుతుంది, సిరా పాకి నల్లమచ్చ మిగులుతుంది. అలాంటప్పుడు గీతలు సన్నం చేయకండి, సగం తీసేయండి.

ప్రశ్న: సముద్రపు తేమకు వాడని స్టాంపులు ఆల్బమ్ పేజీకి అతుక్కున్నాయి. నీళ్లలో వేయవచ్చా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: వద్దు, వెనక జిగురంతా పోతుంది, విలువ పడిపోతుంది. మూతపెట్టే ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి స్పాంజి, పైన జాలీ, దానిమీద స్టాంపున్న పేజీ ముక్క పెట్టండి. నీరు స్టాంపుకు తగలకూడదు. గంటకోసారి మూల కదిపి చూడండి, లేస్తేనే తీయండి, లాగితే కాగితం పొర చిరుగుతుంది. తీశాక మైనపు కాగితం మధ్య ఆరబెట్టండి. ఇకపై ఆల్బమ్‌లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచండి.