రింగ్ పక్క నుంచి: ఛాంపియన్‌కు వయసు మీద పడితే

ప్రశ్న: సార్, 2019 డిసెంబరులో ఢిల్లీ బాక్సింగ్ సెలెక్షన్ ట్రయల్స్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. అప్పటికి మేరీకి 36 దాటాయి, నిఖత్‌కు 23. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. వయసు మీద పడ్డ ఛాంపియన్లు కుర్రవాళ్లను ఎట్లా ఆపుతారు? ఎంతకాలం ఆపగలరు?
– ఓ పాఠకుడు, ఆర్మూరు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 9-1 సంగతి. అది పంచ్‌ల లెక్క కాదు, జడ్జీల లెక్క. అంతమంది మేరీ వైపు మొగ్గారంటే నిఖత్ చిత్తుగా దెబ్బలు తిన్నదని కాదు. తర్వాత 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది కదా, ఇక ఆ బాధ వదిలెయ్.

వయసుతో ముందు పోయేవి కాళ్లు. పంచ్ చివరిదాకా ఉంటుంది. 1994లో 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్ ఛాంపియన్ మైకేల్ మూరర్‌ను పదో రౌండులో కుడిచేత్తో పడగొట్టాడు. అప్పటిదాకా ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వెనకబడే ఉన్నాడు. కాళ్లు కదలకపోయినా చెయ్యి పనిచేసింది.

అందుకే తెలివైన పాత ఛాంపియన్ పరుగెత్తడు. రింగ్ నడుమ నిలబడి కుర్రవాణ్ణే చుట్టూ తిప్పుతాడు. కొట్టబోయినట్టు భుజం కదిలిస్తాడు, కొట్టడు. అవతలివాడు కంగారుపడి వరసగా పంచ్‌లు విసిరితే క్లించ్ పట్టి (అంటే అవతలివాణ్ణి చేతులతో వాటేసుకుని) ఊపిరి తీసుకుంటాడు. రౌండంతా కాస్త తగ్గి ఉండి, చివరి అర నిమిషంలో విరుచుకుపడతాడు, జడ్జీలకు అదే గుర్తుంటుందని. వాడి వ్యాపారమంతా ఎదుటివాడి తొందర మీదే. 1958లో మాంట్రియల్‌లో ఆర్చీ మూర్ తన టైటిల్ కాపాడుకున్నది అట్లాగే. వయసు నలభై దాటింది (పుట్టింది 1916లో అని ఆయన, 1913లో అని వాళ్లమ్మ!). ఎదురు నిలిచిన ఇవాన్ డ్యూరెల్ ఆయన్ను మొదటి రౌండులోనే మూడుసార్లు కింద పడేశాడు, అయిదో రౌండులో మరోసారి. డ్యూరెల్ దమ్ము అయిపోయేదాకా ఓపిక పట్టి, పదకొండో రౌండులో మూరే నాకౌట్ చేశాడు.

మరి కుర్రవాడు తొందరపడకపోతే? అప్పుడు పెద్దాయన పని అయిపోయినట్టే. హన్మకొండలో నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను పదేపదే చూపించేది 2014 నవంబరు నాటి బౌట్. బెర్నార్డ్ హాప్కిన్స్‌కు 49 ఏళ్లు, చేతిలో రెండు ఛాంపియన్ బెల్టులు. ఎదురుగా సెర్గీ కోవలెవ్, నాకౌట్లకు పేరుపడ్డవాడు. మొదటి రౌండులోనే హాప్కిన్స్‌ను పడేశాడు. అందరూ మీదపడతాడనుకున్నారు. పడలేదు. దూరం నుంచే జాబ్ (ముందు చేత్తో తిన్నగా విసిరే పంచ్) వేస్తూ పన్నెండు రౌండ్లూ ఒక్కటి పోకుండా గెలిచాడు. హాప్కిన్స్ పట్టుకుందామంటే మనిషే అందలేదు. కోవలెవ్ కోచ్ జాన్ డేవిడ్ జాక్సన్ 1997లో ఇదే హాప్కిన్స్ చేతిలో ఓడినవాడు. ఆ ముసలాయన ఎక్కడ వల వేస్తాడో ఆయనకు తెలియక ఎవరికి తెలుస్తుంది!

నా ఉద్దేశంలో పాత ఛాంపియన్ భయపడాల్సింది బలమున్న కుర్రవాడికి కాదు, ఓపికున్న కుర్రవాడికి. ‘ఎంతకాలం’ అన్నావు కదా, అట్లాంటివాడు తగిలేదాకా.

ప్రశ్న: మాటిమాటికీ క్లించ్ పట్టడం తొండి కాదా?
– మరో పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: అలసిపోయి పట్టుకుని, రెఫరీ ‘బ్రేక్’ అనగానే వదిలితే తొండి కాదమ్మా. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కొడితే ఫౌల్. అదేపనిగా పట్టుకుంటున్నా రెఫరీ వార్నింగ్ ఇస్తాడు, పాయింటూ కోస్తాడు. మీ వాడు రింగ్‌లోకి దిగేవాడైతే పట్టుకోవడం కన్నా ముందు విడిపించుకోవడం నేర్పించండి: మోచేతులు లోపలికి, తల అవతలివాడి భుజం కిందికి, ఒక అడుగు పక్కకి.