నీడ పెరట్లో హోస్టాలు: కొనకండి, ఒక పిలక అడగండి

మీ ప్రశ్న చదవగానే పదమూడేళ్ళ కిందటి మా పెరడు గుర్తుకొచ్చింది. మినియాపొలిస్ శివార్లలో ఇల్లు కొన్నామని, వెనకంతా మేపుల్ చెట్ల నీడేనని, రెండేళ్ళు టమాటా, బెండ పెట్టి విసిగిపోయామని రాశారు. ఇప్పుడు హోస్టాలు, అంటే నీడలో ఆకుల అందం కోసం పెంచే మొక్కలు, పెంచాలని ఉందన్నారు. ఏవి పెట్టాలి, ఎలా చూసుకోవాలి, వాటిని పెంచేవాళ్ళతో పరిచయం ఎలా, గోదావరి జిల్లాలో ఊళ్ళో ఉన్న అమ్మకు ఒక దుంప పంపవచ్చా అని అడిగారు. మాదీ ఇదే చలి, ఇదే మేపుల్ నీడ. అందుకే నాకు అనుభవంలో తెలిసింది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట: ఈ ఏడాది దుకాణానికి వెళ్ళకండి. హోస్టా మన చామంతి లాంటిది, అరటి లాంటిది. దుబ్బు కట్టి పిలకలు వేస్తుంది. పిలక తీసి ఇస్తే ఇచ్చినవాళ్ళకు తరిగేది ఏమీ లేదు, తీసుకున్నవాళ్ళకు మూడేళ్ళలో దుబ్బు తయారవుతుంది. మాది కడియం దగ్గర పల్లె. చుట్టూ నర్సరీలే అయినా మా అమ్మ చామంతి ఎప్పుడూ కొనలేదు. ఎవరింట్లో మంచి రంగు కనిపిస్తే వాళ్ళింటికి వెళ్ళి అడిగేది, తన దగ్గరున్నది ఇచ్చి వచ్చేది. అమెరికాలో హోస్టా పెంచేవాళ్ళ మధ్య నడిచేదీ సరిగ్గా అదే పద్ధతి. మొక్క, మనుషులు అని మీరు రెండు ప్రశ్నలు వేశారు గానీ నా దృష్టిలో అవి రెండూ ఒకటే.

నాకు మొదటి హోస్టా ఇచ్చింది మా పక్కింటి పెద్దావిడ. అప్పటికే ఎనభై దాటాయి. ఏప్రిల్ చివర్లో, మంచు కరిగి నేల మెత్తబడిన రోజుల్లో కంచె దగ్గరికి పిలిచి చూపించింది. నేలలోంచి ఊదా రంగు మొనలు గుంపుగా పొడుచుకొచ్చి ఉన్నాయి, పాతర తవ్వినప్పుడు కనిపించే తేగల మొనల్లాగా. దుబ్బు చుట్టూ పారతో గుచ్చి పైకి లేపింది. గొట్టం నీళ్ళతో మట్టి కడిగింది. రొట్టెలు కోసే పాత కత్తిని ఒక డబ్బాలోని బ్లీచ్ నీళ్ళలో ముంచి తీసి, మూడు మొనలున్న ముక్కను వేళ్ళతో సహా కోసింది. కత్తిని మళ్ళీ ముంచింది. అంత ముంచడం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు, అడగనూ లేదు. ముక్కను తడి వార్తాపత్రికలో చుట్టి, ఐస్‌క్రీం పుల్ల మీద పెన్సిలుతో ‘హాల్సియన్’ అని రాసి పక్కన గుచ్చింది. పేరు చెప్పకుండా మొక్క ఇవ్వకూడదంది. మీరూ ఆ అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. పేరు నమోదైన రకాలు వేలల్లో ఉన్నాయి. పేరు పోగొట్టుకున్న మొక్కకు తర్వాత పేరు కనిపెట్టడం చాలా కష్టం.

ఇక పెంపకం. హోస్టాల పుట్టినిల్లు జపాన్, కొరియా, చైనా. అక్కడి కొండల్లో, అడవి అంచుల్లో, వాగుల పక్కన పెరుగుతాయి. జపాన్ వాళ్ళు గిబోషి అంటారు. పాత వంతెనల పిట్టగోడ స్తంభాల మీద ఉల్లిగడ్డ ఆకారంలో ఉండే అలంకారానికీ అదే పేరు, దీని పూమొగ్గ అలాగే ఉంటుంది. హోస్టా అన్న పేరు మాత్రం ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త నికొలాస్ తోమస్ హోస్ట్ పేరు మీద 1812లో పెట్టినది. వాగు పక్క మొక్క అని ఎందుకు చెబుతున్నానంటే, అందరూ దీన్ని నీడ మొక్క అంటారు గానీ అంతకంటే ముందు ఇది నీళ్ళ మొక్క. నీడను ఓర్చుకుంటుంది, దాహాన్ని ఓర్చుకోదు.

మీ అసలు సమస్య కూడా అదే అవుతుంది. మేపుల్ వేళ్ళు పైపైనే పరుచుకుని నేలలోని తడినంతా లాగేస్తాయి. హోస్టాను మాను మొదట్లో పెట్టకండి. కొమ్మల అంచు కిందికి, వాన నీరు పడే చోటికి జరపండి. గుంట లోతు కంటే వెడల్పు ముఖ్యం. కుళ్ళిన ఆకుల ఎరువు బాగా కలపండి. వారానికి అంగుళం వాన పడినంత తడి అందాలి. పడని వారం మీరే పోయాలి, అదీ ఉదయం పూట, మొక్క మొదట్లో. మా పెరట్లో రెండు చోట్ల వేళ్ళ పోటీ తట్టుకోలేక పెద్ద తొట్లలో పెట్టేశాను. అవి నేలలో ఉన్నవాటికంటే బాగున్నాయి. చలికాలంలో తొట్లను గ్యారేజీలోకి చేరుస్తాను.

మొదటి రెండేళ్ళు ఎదుగుదల కనిపించదు. కంగారుపడి తవ్వి చూడకండి. మూడో ఏడు నుంచి అసలు రూపం వస్తుంది. అక్టోబరు చలికి ఆకులన్నీ పసుపెక్కి వాలిపోతాయి, నవంబరుకల్లా నేల బోసిగా ఉంటుంది. మొదటి ఏడాది చచ్చిపోయిందనే అనుకున్నాను. సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు పోయే చలిలో అది నేల కింద నిద్రపోతోంది, అంతే. మే నెలలో ఆకులు విచ్చుకున్నాక ఒక రాత్రి హఠాత్తుగా మంచు పడే ప్రమాదం ఉంది. ఆ రాత్రికి పాత దుప్పటి కప్పండి.

రంగుల సంగతి. నీలి రకాలకు ఆ నీలం ఆకు మీది మైనపు పొర వల్ల వస్తుంది. బూడిదగుమ్మడికాయ మీద తెల్లటి బూడిద ఎలా ఉంటుందో అచ్చం అలాగే. వేలితో రుద్దితే పోతుంది, కింద మామూలు ఆకుపచ్చ బయటపడుతుంది. ఎండకూ కరుగుతుంది. అందుకే ‘హాల్సియన్’ వంటి నీలి వాటిని చిక్కటి నీడలో పెట్టండి, ఆకుల మీద నీళ్ళు చిమ్మకండి. పసుపు రకాలకు పొద్దున రెండు గంటల ఎండ తగిలితేనే రంగు తేలుతుంది. నన్ను అడిగితే మొదట మూడు రకాలు చాలు: ‘హాల్సియన్’, దానిలోంచే మార్పు చెంది పుట్టిన ‘జూన్’, అరచేతి మొక్క ‘బ్లూ మౌస్ ఇయర్స్’. ‘జూన్’ ఆకు మధ్యలో లేత పసుపు, అంచున నీలిపచ్చ. అప్పుడప్పుడు ఒక పిలక పాత బుద్ధికి మళ్ళి పూర్తి నీలంగా వస్తుంది. దాన్ని వెంటనే వేరు చేయకపోతే బలమైన ఆ పిలకే దుబ్బంతా ఆక్రమిస్తుంది. చోటు చాలా ఉంటే ‘ఎంప్రెస్ వూ’ పెట్టండి, అది అయిదడుగుల మేర పరుచుకుంటుంది. మా అమ్మ దాన్ని చూసి చేమ ఆకు అనుకుంది.

చీడల్లో మొదటివి గుల్ల లేని నత్తలు. రాత్రి టార్చి పట్టుకుని ఏరేస్తాను, ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లుతాను. జింకలకు హోస్టా అంటే మన పశువులకు పచ్చగడ్డి ఎంతో అంత. మీ వెనక అడవి ఉంటే కంచె తప్ప మార్గం లేదు. కోడిగుడ్డు వాసన మందులు కొన్నాళ్ళు పనిచేస్తాయి, వాన పడగానే మళ్ళీ కొట్టాలి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే ఆకులు తిననివ్వకండి, వాటికి పడవు.

ఇవన్నీ ఓపికతో తట్టుకోగలిగేవి. ఓపికతో తట్టుకోలేనిది ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

మూడో ఏడాది వేసవి చివర ఒక పెద్ద దుకాణంలో సగం ధరకు ‘గోల్డ్ స్టాండర్డ్’ కొన్నాను. మరుసటి వసంతంలో దాని ఆకుల మీద ఈనెల వెంబడి ముదురు ఆకుపచ్చ గీతలు వచ్చాయి, తడి కాగితం మీద సిరా పాకినట్టు. చూడటానికి ఎంతో అందంగా ఉంది. కొత్త రకం రంగు దొరికిందని సంబరపడ్డాను. దాన్ని నాలుగు ముక్కలు చేసి ముగ్గురు స్నేహితులకు ఇచ్చాను. అదే కత్తితో, కడగకుండానే, పెద్దావిడ ఇచ్చిన ‘హాల్సియన్’ను కూడా విడదీశాను.

జులైలో హోస్టా సంఘం సభ్యుల తోటల సందర్శనకు వెళ్ళినప్పుడు ఒక పెద్దాయనకు ఫోనులో ఆ ఫోటో చూపించాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, ఫోటో పెద్దది చేసి చూసి, ఇది ఎవరికైనా ఇచ్చారా అని మెల్లగా అడిగారు. అది హోస్టా వైరస్ ఎక్స్. 1996లో దీన్ని గుర్తించింది మన మినెసోటా విశ్వవిద్యాలయంలోనే, బెన్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త. మొక్క రసం ద్వారా పాకుతుంది. కోసిన కత్తి, గిల్లిన గోరు చాలు. మందు లేదు. కొన్ని మొక్కల్లో ఏళ్ళ తరబడి బయటపడదు కూడా. ఆ గీతలు అందంగా ఉన్నాయని మోసపోయింది నేనొక్కదాన్నే కాదు. ‘లూనసీ’, ‘లెపర్డ్ ఫ్రాగ్’ అనే పేర్లతో కొత్త రకాలుగా అమ్ముడైనవి వైరస్ సోకిన మొక్కలేనని తర్వాత తేలింది.

పరీక్ష పట్టీ తెప్పించాను. ఆకు ముక్కను ద్రావణంలో నలిపి పట్టీ ముంచాలి. ఒక గీత వస్తే మొక్క బాగున్నట్టు, రెండు వస్తే వైరస్ ఉన్నట్టు. వంటగది బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. రెండో గీత వచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురికీ ఫోను చేశాను. ఒకరు అప్పటికే తన ముక్కలోంచి ఇంకొకరికి ఇచ్చారు. ఆ నాలుగో ఇంటికి నేనే వెళ్ళి, విషయం చెప్పి, నా చేతులతో తవ్వి సంచిలో కట్టి తెచ్చాను. ఇలాంటివి ఎరువు గుంటలో వేయకూడదు, చెత్తబుట్టకే పంపాలి. తవ్వినచోట పాత వేళ్ళు పూర్తిగా చచ్చేదాకా వేరే హోస్టా పెట్టకూడదు. మరుసటి ఏడాది ‘హాల్సియన్’కు కూడా రెండో గీత వచ్చింది.

పెద్దావిడకు చెప్పడానికి నాకు వారం పట్టింది. విని ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి అదే రొట్టెల కత్తి, అదే బ్లీచ్ డబ్బా తెచ్చింది. ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళు అని ఈసారి కొలత చెప్పింది. ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకు వెళ్ళేటప్పుడు కత్తితో పాటు చేతులూ సబ్బుతో కడగాలంది. మళ్ళీ మూడు మొనలున్న ముక్క కోసి ఇచ్చింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ దుబ్బు మా ఈశాన్యం మూలన నాలుగడుగుల వెడల్పున ఉంది.

కాబట్టి ఎవరు పిలక ఇచ్చినా, ఎంత ఆప్తులైనా, మొదటి ఏడాది విడిగా తొట్టెలో ఉంచి ఆకులు గమనించండి. మీరు ఇచ్చేటప్పుడు కడిగిన కత్తితో కోయండి. ఈ మాట అడిగితే హోస్టావాళ్ళు ఎవరూ నొచ్చుకోరు. పైగా మీకు పని తెలుసని గౌరవిస్తారు.

వాళ్ళను ఎక్కడ కలవాలి? అమెరికన్ హోస్టా సొసైటీ 1968 నుంచి ఉంది. చాలా రాష్ట్రాల్లో స్థానిక సంఘాలున్నాయి, మన మినెసోటాలోనూ ఉంది. వసంతంలో మొక్కల అమ్మకం, వేసవిలో సభ్యుల తోటల సందర్శన, ఆకుల పోటీ, వేలం ఇలా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. నా సలహా, మొదట తోటల సందర్శనకే వెళ్ళండి. అమ్మకం రోజున అందరూ హడావిడిగా ఉంటారు, తోటలో మాత్రం తీరిగ్గా మాట్లాడతారు. ఏమి మాట్లాడాలో తోచకపోతే ఒక మొక్క ముందు నిలబడి దీన్ని మీకు ఎవరిచ్చారు అని అడగండి. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. నేను వెళ్ళిన మొదటిసారి చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే, సగటు వయసు డెబ్బై దగ్గర. మొహమాటంగానే ఉంది. సాయంత్రానికి నా చేతిలో నాలుగు తడి కాగితాల పొట్లాలున్నాయి. చాస్కాలోని లాండ్‌స్కేప్ ఆర్బొరీటం అనే పెద్ద ప్రదర్శన తోట కూడా చూడండి. అక్కడ పేర్ల పలకలతో ఉన్న హోస్టాలు చూస్తే మీకు ఏవి నచ్చుతాయో తెలుస్తుంది.

మన తెలుగువాళ్ళలోనూ ఇప్పుడు మా చుట్టుపక్కల ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు పెంచుతున్నాం. సెప్టెంబరు మొదట్లో, నేల గడ్డకట్టడానికి ఇంకా ఆరు వారాలకు పైగానే ఉండగా, ఒకరింట్లో కలిసి దుబ్బులు విడదీస్తాం. కరివేపాకు, మల్లె అంట్లూ అదే రోజు చేతులు మారతాయి. జపాన్‌లో హోస్టా లేత మొనలను ఉరుయి అని కూర వండుకుంటారని తెలిసి మా బృందంలో ఒకావిడ పెసరపప్పుతో వండింది, బాగుంది. అయితే మందు కొట్టని సొంత తోటలోది, పేరు ఖాయంగా తెలిసినది మాత్రమే వాడాలి. జపాన్‌లోనే దీన్ని పోలిన విషపు మొక్కను పొరపాటున తిని ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు.

చివరగా మీ అమ్మగారి సంగతి. పంపకండి. హోస్టాకు ఏటా కొన్ని వారాల గట్టి చలి, నిద్ర తప్పనిసరి. గోదావరి జిల్లాల్లో ఆ నిద్ర దొరకదు, ఏడాదో రెండేళ్ళో నీరసించి పోతుంది. మొక్కలను ధ్రువపత్రాలు లేకుండా దేశం దాటించడం చట్టవిరుద్ధం కూడా. దానికి బదులు ఆవిడను ఆగస్టులో ఇక్కడికి రమ్మనండి, ఈలోగా ‘ప్లాంటాజీనియా’ అనే తెల్ల పూల హోస్టా ఒకటి పెట్టండి. పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రంతా వాసన. మా అమ్మ వచ్చినప్పుడు చీకట్లో మెట్ల మీద కూర్చుని, ఇక్కడ నేలసంపెంగ ఎక్కడిదే అని అడిగింది. తప్పేమీ కాదు, మన దండల్లో గుచ్చే నేలసంపెంగ, పిల్లితేగ, హోస్టా మూడూ ఒకే కుటుంబం. తెల్లారి ఒక పువ్వు కోసుకుని తలలో పెట్టుకుంది. బాకా అంత పొడుగు పువ్వు నిలవక జారిపోతుంటే పిన్నుతో గుచ్చుకుంది.

నా దగ్గర దానివి రెండు పిలకలు తొట్లలో సిద్ధంగా ఉన్నాయి, పరీక్ష చేసినవే. సెప్టెంబరులో మేం కలిసే రోజుకు రండి. ఖాళీ తొట్టె ఒకటి, మీ కత్తి ఒకటి తెచ్చుకోండి, బ్లీచ్ నీళ్ళు నేను కలిపి ఉంచుతాను.