రోజుకు ఆరేడు టీలు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి ఎందుకు వస్తుంది?

అది టీలోని కెఫీన్ పని. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్రమత్తు తెస్తుంది. మెదడు కణాల మీద అది అతుక్కునే చోట్లలో కెఫీన్ వచ్చి కూర్చుని దాన్ని అడ్డుకుంటుంది. రోజూ ఇదే తంతయితే మెదడు ఆ చోట్లనే పెంచుకుంటుంది. టీ ఆగగానే అడినోసిన్ వాటన్నిటినీ ఆక్రమిస్తుంది, మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి. తలనొప్పి, చిరాకు, మత్తు అందుకే. 12–24 గంటల్లో మొదలై, రెండో రోజు ముదిరి, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది.

కాబట్టి రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. ముందు సాయంత్రం టీ ఆపండి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అంటే ఆరింటి టీ రాత్రి పదకొండుకూ సగం ఒంట్లోనే ఉంటుంది.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా ఫర్వాలేదు, గర్భిణులకు 200. చిన్న గ్లాసు టీలతో 400 చేరడం కష్టమే. నన్నడిగితే అసలు చిక్కు చక్కెరతో: గ్లాసుకు రెండు చెంచాలు, ఆరు గ్లాసులకు దాదాపు 50 గ్రాములు! రక్తహీనత ఉన్నవాళ్లు అన్నం తిన్నాక గంటైనా ఆగాలి. టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

మానేటప్పుడు వేసుకునే తలనొప్పి మాత్రల అట్ట వెనక ఓసారి చూడండి, కొన్నింట్లో కెఫీనే ఉంటుంది.