అన్ని మతాలూ ఒకటే చెబుతాయా?

ప్రశ్న: విశాఖ పాతనగరంలో హార్బరు ఒడ్డు కొండల మీద వేంకటేశ్వరస్వామి గుడి, దర్గా, మేరీమాత చర్చి దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాటిని చూసి మా అబ్బాయి, "అన్ని మతాలూ ఒకటే చెబుతాయా నాన్నా?" అని అడిగాడు. ఏమని చెప్పమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అన్నీ ఒకటేనని మాత్రం చెప్పకండి; అది ఆయా మతాలను నిష్ఠగా ఆచరించేవారిని చిన్నబుచ్చడమే అవుతుంది. క్రైస్తవం త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న భావనను, విశ్వసిస్తుంది, ఇస్లాం దానిని అంగీకరించదు, విశాఖ దగ్గరి తొట్లకొండపై విహారాలు నిర్మించుకున్న బౌద్ధులైతే సృష్టికర్త ప్రసక్తి లేకుండానే ధర్మాన్ని బోధించారు.

నడవడి విషయంలో మాత్రం ఆశ్చర్యం గొలిపే ఏకీభావం ఉంది. తనకు ప్రతికూలమైనదాన్ని ఇతరులకు చేయరాదని మహాభారతం అనుశాసనిక పర్వంలో బృహస్పతి ధర్మరాజుకు చెబుతాడు. ఇతరులు మీకేమి చేయాలని కోరుకుంటారో అదే వారికి చేయమని మత్తయి సువార్త 7వ అధ్యాయంలో యేసు బోధిస్తాడు. తనకోసం కోరుకున్నదే సోదరుడికీ కోరుకోనంతవరకు విశ్వాసం పూర్తికాదని ముహమ్మద్ ప్రవక్త హదీసు (ప్రవచనం). యూదుల ధర్మగ్రంథమైన తాల్ముదులో, చైనా తత్త్వవేత్త కన్‌ఫ్యూషియస్ బోధల్లో కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. 1993లో షికాగోలో జరిగిన ప్రపంచ మతాల పార్లమెంటు ప్రకటన కూడా దీనినే పునాదిగా తీసుకుంది.

ఏకాదశి, రంజాన్, లెంట్ (ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే దీక్షాకాలం) ఉపవాసాలలోనూ పోలిక ఉంది. దానం సంగతి మరింత స్పష్టం: నిర్ణీత పరిమితికి మించి ఏడాదిపాటు నిలిచిన సొమ్ములో 2.5 శాతం జకాత్‌గా ఇవ్వడం ముస్లింలకు ఐచ్ఛికం కాదు, విధి. ఈసారి ఆ కొండలెక్కినప్పుడు అక్కడి భక్తులను మర్యాదగా పలకరించి, ఎవరి నమ్మకం గురించి వారినే అడిగే అవకాశం మీ అబ్బాయికి ఇవ్వండి.