పాత మంటపానికి శాండ్‌బ్లాస్టింగ్ చేయిస్తామంటున్నారు, చేయించొచ్చా?

ప్రశ్న: సార్, మాది ఆదోని దగ్గర పల్లె. మా చెన్నకేశవ స్వామి గుడి ముందర పదహారు స్తంభాల పాత మంటపం ఉంది, విజయనగరం రాజుల కాలం నాటిదంటారు, రాయి గ్రానైటే. స్తంభాలకు ఎప్పుడో ఆయిల్ పెయింట్ కొట్టినారు, ఇప్పుడది పెచ్చులు లేస్తోంది. వానొస్తే లోపల కారుతుంది, ఒక దూలానికి నెర్రె కూడా పడింది. ఊర్లో చందాలు వసూలైనాయి. కాంట్రాక్టరేమో ఇసుక ప్రెజర్‌తో కొట్టి పెయింటంతా ఎగరగొడతా, సందులు సిమెంట్‌తో పూడ్చి పైన వార్నిష్ వేస్తా అంటున్నాడు. ఒకాయన కింద టైల్స్ వేయిస్తానన్నాడు. పెద్దోళ్ళంతా సరే అన్నారు, నాకే మనసొప్పట్లేదు. ఏం చెయ్యాల?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: తమ్ముడూ, ఆ ఇసుక మిషన్‌ను గుడి గడప తొక్కనీయొద్దు. ఇసుక దెబ్బకు పెయింట్ ఒక్కటే పోదు, రాతి పైపొర కూడా పోతుంది, ఉలి గుర్తులు, విగ్రహాల కళ్ళూ ముక్కూ, సన్నగా చెక్కిన శాసనం ఏదన్నా ఉంటే ఆ అక్షరాలూ అన్నీ అరిగిపోతాయి. మంటతో కాల్చేది అసలే వద్దు, గ్రానైట్ ఫ్యాక్టరీల్లో గ్యాస్ మంట పెట్టి ఫ్లేమింగ్ చేస్తారు చూడు, రాయి పైన చిటపటా చిట్లి ఎగిరిపోతుంది, అదే మీ శిల్పాలకూ జరుగుతుంది. పెయింట్‌ను మెత్తబరిచే లేపనం పూసి, మెత్తని బ్రష్‌తో, ముందు ఎవరికీ కనపడని మూల జానెడు జాగాలో చేసి చూసి, రాయికి ఏమీ కాలేదంటేనే ముందుకు పోవాల. నెలలు పడుతుంది, పట్టనీ.

కానీ అసలు రోగం పెయింట్ కాదు, పైకప్పు. ముందు పైకెక్కి చూడండి. కప్పు బండల మీద పాత సున్నం పొర పగిలుంటుంది, దాని మీద కారినప్పుడల్లా ఎవరో ఒకరు సిమెంట్ పోసుంటారు, సందుల్లో రావి మొక్కలు లేచుంటాయి. ఆ పొరల బరువంతా దూలాల మీదే కదా, నెర్రె పడడానికి అదే కారణమేమో చూపించుకోవాల. రావి మొక్కను పట్టుకుని పీకొద్దు, వేరుతో పాటు రాయి కూడా కదులుతుంది, మొదట్లో నరికి వేరు చచ్చిపోయేదాకా మందు పెట్టాల. తర్వాత చెడిపోయిన పొర తీసి, గానుగలో ఆడిన డంగు సున్నంలో ఇటుక ముక్కలు కలిపి, తూముల వైపు వాలు వచ్చేట్టు పరిచి, బెల్లం కరక్కాయ నీళ్ళు చల్లుతా కొయ్యలతో రోజుల తరబడి కొట్టాల. ఈ పని తెలిసిన మేస్త్రీలు తక్కువైనారు, అయినా వెతికితే దొరుకుతారు.

సిమెంట్ ఎందుకొద్దంటున్నానంటే, అది గట్టిగా బిగుసుకుపోతుంది, లోపలికి పోయిన తేమను బయటికి రానీయదు, పైగా దాంట్లోని ఉప్పులు తేమతో రాతిలోకి దిగి లోపలే గడ్డకట్టి పైపొరను తోసేస్తాయి. వార్నిష్ కూడా తేమను అట్లే లోపలే బిగిస్తుంది. చాలా ఏళ్ళ కింద ఒక ఊర్లో నేనే దగ్గరుండి సందులకు సిమెంట్ పెట్టించినాను. నాలుగేళ్ళకు రాళ్ళ మీద తెల్లగా ఉప్పు పూసింది, చేత్తో తడిమితే పొరలు రాలినాయి, అందులో సగం శాసనం పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ సందులు మామూలుగా ఖాళీగా ఉండేవే, మన పాత మంటపాల్లో రాయి మీద రాయి బరువుతోనే నిలబడుతుంది. కర్నూలు పక్కన జగన్నాథ గట్టుకు పోయి రూపాల సంగమేశ్వరం చూడు, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని ఆ గుడిని రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ పేర్చినారు, సిమెంట్‌తో అతికించి ఉంటే విప్పేటప్పుడే పగిలిపోయేది.

దూలం సంగతి మాత్రం ఆలస్యం చేయొద్దు. కింద గట్టి దుంగలు గానీ జాకీలు గానీ ఆనించి, అక్కడ జనాన్ని కూర్చోనీయకండి. నెర్రెకు అడ్డంగా సన్నని గాజు ముక్క అతికించి తేదీ రాయండి, గాజు పగిలితే నెర్రె ఇంకా కదులుతున్నట్టే. లోపల రాళ్ళను పట్టి ఉంచే పాత ఇనుప కొక్కీలుంటే, అవి తుప్పుపట్టి ఉబ్బినా రాయి చీలుతుంది, వాటికి బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ వేస్తారు. కొత్త స్తంభం నిలబెట్టాల్సి వస్తే నునుపుగా, ఏ సంవత్సరం వేసినారో కనపడేట్టు ఉంచండి, పాతదాన్ని అనుకరించి శిల్పాలు చెక్కించొద్దు, చూసేవాళ్ళకు ఏది పాతదో ఏది కొత్తదో తెలియాల.

పని మొదలుపెట్టే ముందు ప్రతి స్తంభానికీ నాలుగు వైపులా ఫోటోలు తీయండి. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉందేమో కనుక్కోండి, ఉంటే వాళ్ళ అనుమతి లేకుండా ఒక్క మేకు కూడా కొట్టకూడదు, 1958 కేంద్ర చట్టం గానీ 1960 రాష్ట్ర చట్టం గానీ వర్తిస్తుంది. దేవాదాయ శాఖ కింద ఉంటే వాళ్ళ స్థపతిని, అంటే గుడి కట్టడాల పని తెలిసిన నిపుణుణ్ణి, పిలిపించమని రాతపూర్వకంగా అడగండి.

టైల్స్ కూడా వద్దు తమ్ముడూ, నేలలోని తేమకు దారి మూసుకుంటే అది స్తంభాల్లోకి ఎక్కుతుంది, మట్టం పెరిగి స్తంభాల అడుగు చెక్కడాలు పూడిపోతాయి. ఆ దాతకు మర్యాదగా చెప్పి, అదే డబ్బు పైకప్పు సున్నానికి ఇవ్వమని అడుగు, ముందు కావాల్సింది అదే.