తల మీది గంపలో ఉన్నదెవరు?

ప్రశ్న: ‘చురుళి’ అనే మలయాళ సినిమా ఇంట్లో అందరం కలిసి మొదలుపెట్టి, బూతులు వినలేక ఆపేశాం. తర్వాత నేనొక్కదాన్నే పూర్తిగా చూశాను. దొంగను పట్టుకోవడానికి అడవిలోకి వెళ్ళిన పోలీసులిద్దరూ చివరికి ఏమయ్యారు? జీపు ఆకాశంలోకి ఎందుకు లేచింది? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.
– ఒక పాఠకురాలు, బి.టి.ఎం. లేఅవుట్, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్ళ కోసం చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాను.

2021 నవంబరులో ఓటీటీలోకి వచ్చినప్పుడు నేనూ మీలాగే తికమకపడ్డాను. సబ్‌టైటిల్స్ చదవడంతోనే సరిపోయింది, బొమ్మ చూసే తీరికే దొరకలేదు. మా ఇల్లు మారతహళ్ళిలో. కింది పోర్షన్‌లో ఇడుక్కి వైపు నుంచి వచ్చిన మలయాళీ దంపతులు ఉంటారు. ఆ ఆదివారం వాళ్ళింట్లో కూర్చుని మళ్ళీ చూశాను. మొదట్లో ఒక ఆడగొంతు కథ చెబుతుంది కదా, అది అవగానే ఆ ఇంటావిడ రిమోట్ నొక్కి ఆపేసి, ‘సినిమా మొత్తం ఇదే సార్’ అన్నారు.

ఆ కథ ఇది. పెరుమాడన్ అనే మాయల భూతాన్ని పట్టుకోవాలని ఒక నంబూద్రి (కేరళ బ్రాహ్మణుడు) అడవికి బయల్దేరతాడు. భూతం అలుగు (పాంగోలిన్) రూపం ఎత్తుతుంది. ఆయన దాన్ని గంపలో పెట్టుకుని తలకెత్తుకుంటాడు. అది ఎటు చూపిస్తే అటు నడుస్తాడు. తను వెతికేది తన నెత్తి మీదే ఉందని ఆయనకు తెలియదు. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడట.

చురుళి అంటే చుట్టు, మెలి. కన్నడలో సురుళి అంటారే, మీరు రోజూ వినే ఆ మాటే. అలుగుకు భయం వేస్తే ఏం చేస్తుందో తెలుసు కదా, తల పొట్టలోకి దోపుకుని పెంకులన్నీ బయటికి పెట్టి ఉండలా చుట్టుకుపోతుంది. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు. పేరుకీ ఆ జంతువుకీ ఉన్న ఈ చుట్టరికం అర్థమైనప్పుడు నా ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు ఆ పోలీసులు ఆంటోనీ, షాజీవన్‌లను చూడండి. రబ్బరు తోటలో గుంతలు తవ్వే కూలీలమని అబద్ధం చెప్పి జాయ్ అనే ఆ దొంగ కోసం అడవిలోని ఊరికి వస్తారు. చెక్క వంతెన దాటేదాకా జీపులో అందరూ మర్యాదస్తులే. దాటగానే నోళ్ళు మారిపోతాయి. నాలుగు రోజులు తిరిగేసరికి ఈ ఇద్దరి నోళ్ళూ అంతే. ఊళ్ళోవాళ్ళు షాజీవన్‌ను ఇంతకుముందు చూసినట్టు మాట్లాడతారు. అతను ఉలిక్కిపడతాడు, గుర్తుందా మీకు? నా ఉద్దేశంలో వాళ్ళు అక్కడికి రావడం అదే మొదటిసారి కాదు. వాళ్ళ గంపలో ఉన్నది వాళ్ళే. జీపు చంద్రుడి వైపు లేవడం నాకు తప్పించుకోవడంలా అనిపించలేదు, ఇంకో చుట్టు మొదలైనట్టే అనిపించింది.

మా అమ్మమ్మ ఊరు హార్సిలీ కొండల కింద. పొలం గట్టున దీపం కనిపిస్తే దాని వెంట పోవద్దురా, కొరివిదయ్యం రాత్రంతా తిప్పి తెల్లారేసరికి బయల్దేరిన చోటే వదిలేస్తుంది అనేది. దర్శకుడు లిజో జోస్ పెల్లిశ్శేరి తీసింది ఆ భయాన్నే అనుకుంటాను. మూలకథ వినోయ్ థామస్‌ది, స్క్రీన్‌ప్లే ఎస్. హరీష్‌ది.

బూతుల మీద కేరళ హైకోర్టు దాకా వెళ్ళారు. 2022లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. ఇంట్లో అందరితో కూర్చుని చూసే సినిమా మాత్రం కాదు, ఆ విషయంలో మీరు చేసిందే సరైన పని.

ఈసారి పిల్లలు పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఆ పురుగుల రొద, చీకట్లో ఆ గుయ్‌మనే మోత టీవీ స్పీకర్లో సగం కూడా వినిపించవు. మొదటి కథను రెండుసార్లు వినండి. సారా కొట్టు ఒక్కరోజుకు చర్చిగా మారే చోట జనం ముఖాలు గమనించండి, ఆ కాసేపు వాళ్ళు ఎంత నెమ్మదస్తులైపోతారో! చూశాక నాకు తప్పకుండా రాయండి. షాజీవన్ ఉలిక్కిపడే చోట మీకేమనిపించిందో తెలుసుకోవాలని ఉంది.